ఇల్లు ఖాళీ చేయాలి, కానీ అంతా లారీకెత్తి పారబోయడం ఇష్టం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

వసుంధర_కె
మా పెద్దమ్మ ఇక నుంచి మా అన్నయ్య దగ్గరే ఉంటుంది. ఆవిడ ఇన్నాళ్ళూ ఉన్న ఇల్లు ఈ నెలాఖరుకి ఖాళీ చేసి తాళాలు ఇచ్చేయాలి. ఆ పని నా నెత్తిన పడింది. నలభై ఏళ్ళ సంసారం. పెదనాన్న డాక్టరు. ఆయన పోయాక ఆయన గది తలుపు తీసినవాళ్ళే లేరు. రెండు ఫ్రిజ్‌లు (ఒకటి పనిచేయదు, అందులో పాత పత్రికలు దాచింది), ఒక డబ్బా టీవీ, మందుల పెట్టెలు, సగం మిగిలిన రంగు డబ్బాలు, చుట్టలు చుట్టలుగా వైర్లు, బీరువాల నిండా బట్టలు, పెరట్లో విరిగిన రేకులు.

ఇళ్ళు ఖాళీ చేసిపెట్టే ఒకాయన వచ్చి చూశాడు. "ఒక లారీ, ఒక రోజు. మీరు దగ్గరుండక్కర్లేదు కూడా" అన్నాడు. ఇదంతా ఎక్కడికి పోతుందండీ అంటే "మీ ఇంట్లోంచి పోతుంది కదా" అని నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఏ ఊరి బయటి గుంటలోనో పోస్తారని అర్థమైంది. అలాగని ఒక్కదాన్నే అన్నీ ఏరుకుంటూ కూర్చోలేను. ఎవరైనా ఈ పని చేసినవాళ్ళుంటే చెప్పండి, ముందు ఏది ముట్టుకోవాలి?

పక్కింటి_పరిశీలకుడు
ముందు పెద్దమ్మ ఫోన్ నంబర్ బ్లాక్ చేయండి. లేకపోతే ప్రతి చెంచాకీ ఒక కథ వినాలి.

వసుంధర_కె
వీడియో కాల్‌లో ఉందండీ ఆవిడ. ఇప్పుడే "ఆ స్టూలు జాగ్రత్త" అంది.

తుక్కు_తాత
నేను తుక్కు వ్యాపారంలో ముసలివాడినైనవాణ్ణి. చెప్పేది జాగ్రత్తగా వినండమ్మా. ఇంట్లో ఉన్నంతసేపు ఏ వస్తువూ చెత్త కాదు. లారీలో ఒకదాని మీద ఒకటి పడ్డప్పుడే చెత్త అవుతుంది. రంగు డబ్బా ఒలికి పుస్తకాల మీద పడుతుంది, ట్యూబులైటు పగిలి పరుపులో గాజు పెంకులు దిగుతాయి, ఆ తర్వాత ఆ పుస్తకాలు ఎవడూ కొనడు, ఆ పరుపు ఎవడూ ముట్టడు. అందుకని లారీ చివర్లో రావాలి, మొదట్లో కాదు.

వరస ఇదీ. ప్రమాదకరమైనవి మొదట పక్కన పెట్టాలి: మందులు, బ్యాటరీలు, రంగులు, పాదరసం, గ్యాస్ ఉన్నవి. తర్వాత ఇంకొకరు ఉన్నదున్నట్టు వాడుకోగలిగినవి. తర్వాత లోహాలు, ఆ తర్వాత కాగితం. చివరికి మిగిలిందానికే లారీ. ఇలా చేస్తే ఆ లారీ సగం కూడా నిండదు, రాసిపెట్టుకోండి.

లీలా_పి
నేనైతే గదివారీగా చేస్తాను. ఒక గది పూర్తిగా ఖాళీ అయితే మనసుకి కాస్త ధైర్యం వస్తుంది. రకం వారీగా అంటే ఇల్లంతా ఒకేసారి కలగాపులగం అవుతుంది, కాలు పెట్టే చోటుండదు.

తుక్కు_తాత
ఏరేది గదివారీగానే ఏరుకోండి, కాదన్లేదు. కానీ ఏరినవి పెట్టే చోటు మాత్రం ఇల్లంతటికీ ఒక్కటే ఉండాలి. వంటింట్లో దొరికిన బ్యాటరీ, పడగ్గదిలో దొరికిన బ్యాటరీ ఒకే డబ్బాలోకి వెళ్ళాలి.

బండరాయి
అందరూ ఉత్సాహంగా ఉన్నారు కాబట్టి నేను కాస్త చల్లనీళ్ళు పోస్తాను. ప్రపంచంలో 2015 దాకా తయారైన ప్లాస్టిక్ వ్యర్థాల్లో రీసైకిల్ అయింది 9 శాతమే. ఇంకో 12 శాతం కాల్చారు. మిగతా 79 శాతం గుంటల్లో, నేల మీద, నీళ్ళలో పడింది. 2017లో వచ్చిన పెద్ద అధ్యయనం చెప్పిన లెక్క ఇది. ఎలక్ట్రానిక్ చెత్త అయితే 2022లో 6.2 కోట్ల టన్నులు. అందులో పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేశారని లెక్కకు వచ్చింది 22.3 శాతం. మీరు రంగురంగుల సంచుల్లో వేరుచేసి పెట్టినంత మాత్రాన అవి ఎక్కడికో వెళ్ళి మళ్ళీ పుడతాయనుకోవడం మన తృప్తి కోసమే. లారీ పిలిచి పని కానివ్వండి.

తుక్కు_తాత
9 శాతం అన్నది ప్లాస్టిక్ సంగతి బాబూ. ఇంట్లో బరువంతా ప్లాస్టిక్‌లో ఉందా? ఇనుప మంచాలు, బీరువాలు, అల్యూమినియం గిన్నెలు, రాగి వైర్లు, పుస్తకాలు, చెక్క. వీటిల్లో లోహం ముక్క కూడా గుంటలోకి పోదు, ఎందుకంటే దారిలో ఎవడో ఒకడు ఏరుకుంటాడు. ముడి ఖనిజం నుంచి అల్యూమినియం తీయడానికయ్యే శక్తితో పోలిస్తే పాతదాన్ని కరిగించడానికి 5 శాతం చాలు. దాని ధర నిలబడేది అందుకే. నీ లెక్క తప్పని అనను. లేని చోట దాన్ని తెచ్చి పెడుతున్నావు, అంతే.

బండరాయి
లోహాల సంగతి ఒప్పుకుంటాను. ప్లాస్టిక్ దగ్గర మాత్రం వెనక్కి తగ్గను.

ఎలక్ట్రాన్_శ్రీను
ఫ్రిజ్ గురించి నేను చెప్తా, నా పనే అది. వసుంధర అక్కా, ఆ రెండు ఫ్రిజ్‌ల వెనకో, లోపలి గోడ మీదో ఒక స్టిక్కర్ ఉంటుంది. దాంట్లో ఆర్ అనే అక్షరం పక్కన ఏ అంకె ఉందో చూసి చెప్పండి.

వసుంధర_కె
పనిచేసేదానికి ఆర్-600ఎ అని ఉంది. పాతదానికి తుప్పు పట్టింది, టార్చ్ వేసి చూస్తే ఆర్-12 అని కనిపించింది.

ఎలక్ట్రాన్_శ్రీను
అనుకున్నా. ఆర్-12 అంటే ఓజోన్ పొరని తినేసే పాత గ్యాస్. 1987 మాంట్రియల్ ఒప్పందంతో ప్రపంచమంతా మానేయడం మొదలుపెట్టింది దీన్నే. ఓజోన్ సంగతి అలా ఉంచితే, భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే కిలోకి కిలో పదివేల రెట్లకు పైనే. ఫ్రిజ్‌లో ఉండేది కొన్ని వందల గ్రాములే. కానీ రాగి గొట్టం కోసం ఎవడో ఒక్క కటింగ్ ప్లేయర్ వేస్తే బుస్సుమని అంతా గాల్లోకి పోతుంది. లారీ వాళ్ళ దగ్గర జరిగేది సరిగ్గా ఇదే.

కాబట్టి ఆ ఫ్రిజ్‌ని గ్యాస్ వెనక్కి లాగే మిషన్ ఉన్న మెకానిక్‌కో, ఫ్రిజ్‌లు తీసుకునే అధికారిక రీసైక్లర్‌కో ఇవ్వండి. "గ్యాస్ ఎలా తీస్తారు?" అని అడగండి. తడుముకుంటే వదిలేయండి. గోడల్లోపలి నురుగులోనూ అదే జాతి గ్యాస్ ఉంటుంది, గొట్టంలోది తీస్తే సగం పనే అయినట్టు. ఇక ఆర్-600ఎ ఓజోన్‌కి హాని చేయదు గానీ మండే గ్యాస్. దాని దగ్గర గ్యాస్ కట్టర్ పెట్టనివ్వకండి. అది పనిచేస్తోంది కాబట్టి ఎవరికైనా వాడుకోవడానికి ఇచ్చేయండి.

ఇంకొకటి. పాత ఫ్రిజ్ బయట పెట్టాల్సి వస్తే తలుపు ఊడదీసి పెట్టండి. పిల్లలు లోపల దాక్కుంటే గడియ పడి బయటికి రాలేరు.

పక్కింటి_పరిశీలకుడు
అందులో ఉన్న పత్రికలు మాత్రం చల్లగా భద్రంగా ఉన్నట్టున్నాయి.

ఎలక్ట్రాన్_శ్రీను
😄 డబ్బా టీవీ సంగతి కూడా ఇప్పుడే చెప్పేస్తా. వెనక గరాటులా ఉండే గాజులో సీసం ఉంటుంది, లోపల పుట్టే ఎక్స్-రేలు బయటికి రాకుండా అడ్డుకోవడానికి. లోపల గాలి ఉండదు కాబట్టి పగిలితే గాజు ముక్కలు లోపలికి దూసుకెళ్ళి మళ్ళీ బయటికి ఎగురుతాయి. ప్లగ్గు పీకి చాలాకాలమైనా లోపల కరెంటు నిలిచి ఉండొచ్చు. వెనక మూత తీయకండి, పూర్తిగా ఉన్నదున్నట్టు ఇవ్వండి. రాగి చుట్ట పీక్కుని మిగతాది కాలవలో పారేసే బ్యాచ్ ఒకటి ఉంటుంది, వాళ్ళకి ఇవ్వకండి.

వైర్లు కాల్చి రాగి తీసేవాళ్ళకీ ఇవ్వకండి. పైన ఉండే పీవీసీ తొడుగు కాలితే డయాక్సిన్లనే విషపు రసాయనాలు వస్తాయి. ఆ పొగ పీల్చేది ఎక్కువగా ఆ పని చేసేవాళ్ళ పిల్లలే. చాకుతో, మిషన్‌తో తొక్క ఒలిచేవాళ్ళున్నారు.

అరవింద్77
ఫోన్లు, కంప్యూటర్లు ఉంటే ఇచ్చేముందు అందులోవి చెరిపేయండి. పాత హార్డ్ డిస్క్ అయితే మొత్తం మీద ఒకసారి కొత్త డేటా రాసేస్తే చాలు. చిప్పుల మీద దాచే కొత్తరకం డిస్క్‌కి (ఎస్ఎస్‌డీ) ఆ పద్ధతి నమ్మలేం, దాని కంపెనీ ఇచ్చే ఎరేజ్ ఆదేశం వాడాలి. ఈమధ్య ఫోన్లలో డేటా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, ఫ్యాక్టరీ రీసెట్ సరిపోతుంది. కానీ అంతకన్నా ముందు ఖాతాలోంచి లాగౌట్ అవ్వండి. లేకపోతే తర్వాత వాడేవాళ్ళకి ఫోన్ తెరుచుకోదు, బాగున్న ఫోన్ కాస్తా తుక్కైపోతుంది.

నైట్‌డ్యూటీ_నర్సు
ఇంత పెద్ద చర్చలో మందుల పెట్టెలని ఎవరూ పట్టించుకోలేదేం? డాక్టరు గారి గది అన్నారు కాబట్టి అడుగుతున్నా, అందులో ఏమేం ఉన్నాయి?

వసుంధర_కె
మాత్రలు కుప్పలు. చాలావాటికి గడువు దాటింది. కొన్ని సూదులు, ఇన్‌హేలర్లు రెండు. ఎక్స్-రే ఫిల్ములు ఒక బీరువా నిండా. ఇంకా గోడకి తగిలించే పాత బీపీ మిషన్, గాజు గొట్టం ఉన్నది. దాని చెక్కపెట్టె అడుగున మూలలో వెండిలా మెరిసే పూస ఒకటి దొర్లుతోంది. ఇప్పుడే గుడ్డతో తుడవబోతున్నా.

నైట్‌డ్యూటీ_నర్సు
ఆగండి!! తుడవకండి. అది పాదరసం.

పెట్టె మూత మెల్లగా వేసేయండి. కిటికీలు తెరిచి, గది తలుపు మూసి, అందరూ బయటికి రండి. చేతికి బంగారు ఉంగరం, గాజులు ఉంటే తీసేయండి, పాదరసం బంగారాన్ని పట్టుకుంటుంది. చీపురు వద్దు, వాక్యూమ్ క్లీనర్ అసలే వద్దు. ఊడిస్తే చిన్న చిన్న పూసలై గది నిండా పాకుతుంది, వాక్యూమ్ అయితే ఆవిరి చేసి గాల్లోకి ఊదుతుంది.

వసుంధర_కె
ఉంగరం తీసేశా. కిటికీ తెరిచా. గుండె దడదడలాడుతోంది.

నైట్‌డ్యూటీ_నర్సు
టెన్షన్ పడకండి, ఒక పూసకి ఏమీ కాదు. కాసేపటి తర్వాత గ్లవ్స్ వేసుకుని వెళ్ళండి. టార్చ్‌ని నేలకి దాదాపు తాకేలా వాల్చి పట్టుకుంటే పూసలు మెరుస్తాయి. బయట పడ్డవి ఉంటే దళసరి అట్టముక్కతో మెల్లగా ఒకచోటికి తోసి, మందుల డ్రాపర్‌తో పీల్చి, మూత ఉన్న సీసాలో వేయండి. చాలా సన్నవాటిని అంటించే టేపుతో అద్ది తీయండి. టేపు, అట్ట, గ్లవ్స్ అన్నీ అదే సీసాలోనో జిప్ సంచిలోనో వేసి మూసేయండి. మిషన్‌ని పెట్టెతో సహా నిలువుగానే ఉంచి, మందపాటి ప్లాస్టిక్ సంచిలో కట్టి, మీద "పాదరసం" అని పెద్దగా రాయండి. బీపీ మిషన్‌లో థర్మామీటర్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఉంటుంది. దగ్గర్లోని పెద్ద ఆసుపత్రికో, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే కేంద్రానికో ముందు ఫోన్ చేసి, వాళ్ళు తీసుకుంటామంటేనే పట్టుకెళ్ళండి.

ట్యూబులైట్లు, సీఎఫ్ఎల్ బల్బుల్లో కూడా పాదరసం ఉంటుంది, కొద్ది మిల్లీగ్రాములు. పగలకుండా పాత అట్టపెట్టెల్లో నిలబెట్టండి. ఎల్ఈడీల్లో ఉండదు.

తుక్కు_తాత
నర్సమ్మ చెప్పింది అక్షరాలా చేయండి. ఈ వ్యాపారంలో పాదరసంతో ఆడుకున్నవాళ్ళ చేతులు చివరికి ఎలా వణికేవో నా కళ్ళతో చూశాను.

లీలా_పి
మరి మాత్రలు? బాత్రూంలో పోసి నీళ్ళు కొట్టేస్తే పోలేదా?

నైట్‌డ్యూటీ_నర్సు
వద్దు. మురుగునీళ్ళు శుభ్రం చేసే ప్లాంట్లు చాలా మందుల్ని పట్టుకోలేవు, నేరుగా చెరువుల్లోకి, నదుల్లోకి పోతాయి. పాత మందులు వెనక్కి తీసుకునే షాపులు, ఆసుపత్రులు ఉంటే అక్కడ ఇవ్వండి. లేకపోతే రేకుల్లోంచి మాత్రలు తీసి, మట్టిలోనో వాడేసిన కాఫీ పొడిలోనో కలిపి, సంచి గట్టిగా మూసి మామూలు చెత్తలో వేయండి. అలా కలిపితే ఎవరూ ఏరుకుని అమ్మరు, పిల్లలు నోట్లో పెట్టుకోరు. సూదులు మూత తిరిగే దళసరి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, మూతకి టేపు చుట్టండి. చెత్త ఏరేవాళ్ళ చేతుల్లో దిగేవి ఇవే. ఇన్‌హేలర్ ఖాళీ అయినట్టు కనిపించినా లోపల ఒత్తిడి ఉంటుంది, మంటలో పడితే పేలుతుంది.

కాగితంపులి
ఎక్స్-రే ఫిల్ముల మీద నాకో మాట. పాత ఫిల్ములో వెండి ఉంటుంది, దాన్ని తీసేవాళ్ళు ప్రత్యేకంగా ఉన్నారు. కాకపోతే వాటి మీద రోగుల పేర్లుంటాయి. ఇచ్చేముందు ఆ మూల కత్తిరించేయండి. కేసు కాగితాలు కూడా చించి ఇవ్వండి, కట్టలుగా తూకానికి వేయకండి.

అసలు కాగితాలన్నిటికీ ఇదే నా మొర. తూకానికి వేసేముందు ప్రతి పుస్తకాన్నీ వెన్ను పట్టుకుని తలకిందులుగా ఒక్కసారి దులపండి. ఆ తరం వాళ్ళకి పుస్తకమే బ్యాంకు. నోట్లు, ఫోటోలు, ఉత్తరాలు, ఒక్కోసారి స్థలం కాగితాలు కూడా రాలతాయి.

పక్కింటి_పరిశీలకుడు
వసుంధర గారూ, పుస్తకాలు దులపడానికి నేను ఉచితంగా వస్తాను.

కాగితంపులి
😂 ఇంకో విషయం, కాగితాలన్నీ ఒకటి కావు. బూజు పట్టినవి విడిగా పెట్టండి, పక్కన ఉన్నవాటిని కూడా పాడుచేస్తాయి. నూనె మరకలున్నవి రీసైక్లింగ్‌కి పనికిరావు. నున్నటి బిల్లు కాగితం గోరుతో గీస్తే నల్లగీత పడుతుంది, అది థర్మల్ పేపరు, దానికి పూసిన రసాయనం మిగతా గుజ్జులో కలవకూడదు. బహుమతుల మెరుపు కాగితాన్ని గుప్పిట్లో నలిపి వదిలేయండి. నలిగినట్టే ఉండిపోతే కాగితం, మళ్ళీ విచ్చుకుంటే ప్లాస్టిక్ పొర ఉన్నట్టు. కాగితం నార ఐదారు సార్లు మళ్ళీ గుజ్జయ్యేసరికి పొట్టిదైపోతుంది, అంచేత మంచి తెల్ల కాగితాన్ని అట్టలతో కలిపేయకుండా ఉంచితే దానికి ఇంకొన్ని జన్మలు దొరుకుతాయి.

లీలా_పి
బట్టలు, దుప్పట్లు అన్నీ ఏ అనాథాశ్రమానికో ఇచ్చేయండి వసుంధర గారూ. అదే అన్నిటికన్నా సులువు.

మిద్దెతోట_మాలతి
లీలా గారూ, ఏమీ అనుకోకండి, ఇక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. నేను ఒక ఆశ్రమంలో వచ్చిన బట్టలు విడదీసే పని చేస్తుంటాను. బొత్తాలు లేని చొక్కాలు, సాగిపోయిన లోదుస్తులు, మరకల దుప్పట్లు, ఒంటి చెప్పు. మన చెత్తని వాళ్ళ గుమ్మంలో పోసి పుణ్యం మూటగట్టుకున్నామనుకుంటాం. అది బయటికి చేర్చే ఖర్చు వాళ్ళది.

లీలా_పి
నేను చెప్పింది మంచి బట్టల గురించి. చిరిగినవి ఇమ్మని ఎవరన్నారు?

మిద్దెతోట_మాలతి
"అన్నీ" అన్నారు. సరే, మంచివే అనుకుందాం. అయినా ముందు ఫోన్ చేసి ఏం కావాలో అడగాలి. వాళ్ళకి దుప్పట్లు కావాల్సి ఉంటే మనం పట్టుచీరలు పట్టుకెళ్తాం.

లీలా_పి
ఫోన్ చేయమన్న మాట బాగుంది. మిగతా కోపం నా మీద కాదనుకుంటా.

తుక్కు_తాత
ఇద్దరూ నిజమే చెప్తున్నారు. ఉతికి, ఇస్త్రీ చేసి, మీ చెల్లెలికి ఇవ్వడానికి మొహమాటపడనివి మాత్రమే దానం. మిగిలిన నూలు బట్టలు కారు షెడ్డులకి, ప్రెస్సులకి ఇవ్వండి, యంత్రాలు తుడుచుకోవడానికి ఎప్పుడూ కావాలి. నూలు, పాలిస్టర్ కలిసిన గుడ్డని విడదీసి మళ్ళీ దారం చేయడం కష్టం, అందుకే వాటికి గిరాకీ లేదు.

బండరాయి
ప్లాస్టిక్ దగ్గరికి ఎవరూ రావట్లేదేంటి? భయమా?

మిద్దెతోట_మాలతి
వచ్చాను. అడగండి.

బండరాయి
డబ్బా అడుగున త్రికోణం ఉంటుంది, అందరూ అది చూసి రీసైకిల్ అవుతుందని మురిసిపోతారు. 1988లో ప్లాస్టిక్ పరిశ్రమే తెచ్చిన గుర్తు అది. లోపలి అంకె ఏ రకం ప్లాస్టికో చెప్తుంది, అంతే. దాన్ని ఎవరైనా తీసుకుంటారని కాదు.

మిద్దెతోట_మాలతి
పూర్తిగా ఒప్పుకుంటా. అందుకే ఆ అంకెని హామీగా కాకుండా చిరునామాగా వాడుకోవాలి. 1 అంటే నీళ్ళ సీసాలు, 2 అంటే షాంపూ డబ్బాలు, క్యాన్లు, 5 అంటే మూతల డబ్బాలు. ఈ మూడూ చాలాచోట్ల తీసుకుంటారు. 3 అంటే పీవీసీ, అది 1తో కలిస్తే కొంచెమైనా మొత్తం పాడుచేస్తుంది. 6 అంటే థర్మకోల్ జాతి, బరువుండదు, చోటు మాత్రం లారీడు, ఎవరూ ముట్టరు. 7 అంటే "ఇతరాలు", దాని సంగతి దేవుడికే తెలియాలి. అంకె చెరిగిపోతే చిన్న ముక్క నీళ్ళలో వేసి చూడండి. 2, 5 తేలతాయి, 1, 3 మునుగుతాయి.

బండరాయి
నల్ల ప్లాస్టిక్?

మిద్దెతోట_మాలతి
అది మీకే వదిలేశా. విడదీసే యంత్రాల కాంతికి ఆ నల్లరంగు కనిపించదు, ఎక్కువగా చెత్తలోకే పోతుంది.

బండరాయి
సరే, ఒకటి అడుగుతా. ఇవన్నీ కడగడానికి ఎన్ని నీళ్ళు? ఆ నీళ్ళ లెక్క ఎవరేస్తారు?

తుక్కు_తాత
తళతళలాడించక్కర్లేదయ్యా. లోపలిది ఒంపేసి, గిన్నెలు కడిగిన నీళ్ళతో ఒక్కసారి తొలిపితే చాలు. కాగితానికి అంటుకోకూడదు, పురుగు పట్టకూడదు. అంతవరకే. స్టిక్కర్లు పీకుతూ కూర్చోవద్దు, అది ఫ్యాక్టరీ వాళ్ళ పని.

వసుంధర_కె
ఇప్పటిదాకా అయిన పని చెప్తా. మందుల గది అయిపోయింది, పాదరసం పెట్టె ఒక ఆసుపత్రి వాళ్ళు తీసుకుంటామన్నారు. పుస్తకాలు దులుపుతున్నా, రెండు నోట్లు, పెద్దమ్మ పెళ్ళికి ముందు పెదనాన్న రాసిన ఉత్తరం ఒకటి దొరికాయి. వీడియో కాల్‌లో ఉత్తరం చూపిస్తే ఆవిడ సిగ్గుపడి కాల్ కట్ చేసింది.

పెరట్లో ఉన్న విరిగిన రేకులు మాత్రం అర్థం కావట్లేదు. ఇనుపవి కావు, సిమెంటులా బూడిద రంగులో, అలలు అలలుగా ఉన్నాయి. మాలతి గారూ, కుండీలు పెట్టుకోవడానికి మీకు పనికొస్తాయా?

మిద్దెతోట_మాలతి
భలే, కావాలి! ముక్కలు చేసి పంపగలరా?

తుక్కు_తాత
ఎవరూ ముట్టుకోకండి. పాతకాలపు సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ. చూపుతో చెప్పలేం, ల్యాబ్‌లోనే తేలుతుంది, అప్పటిదాకా ఉందనే అనుకోవాలి. ఉన్నచోట కదలకుండా పడి ఉంటే పెద్దగా ప్రమాదం లేదు. విరగ్గొట్టినా, కోసినా, చీపురుతో ఊడ్చినా కంటికి కనబడని పోగులు లేచి ఊపిరితిత్తుల్లో దిగుతాయి. రోగం ఎన్నో ఏళ్ళ తర్వాత బయటపడుతుంది. నీళ్ళు చల్లి తడిగా ఉంచి, వాటిని తీసేందుకు లైసెన్స్ ఉన్నవాళ్ళని పిలవండి. మొక్కల కింద పెట్టుకోవడం మాట మర్చిపోండి.

మిద్దెతోట_మాలతి
మర్చిపోయాను తాతగారూ.

అరవింద్77
రంగు డబ్బాలు ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు.

తుక్కు_తాత
మూత తీసి చూడండి. నీళ్ళతో కలిపే రంగు అయితే, బాగుంటే ఎవరి గేటుకో గోడకో వాడేయండి. లేదంటే మూత తీసి ఇసకో, రంపపు పొట్టో పోసి పూర్తిగా గట్టిపడనివ్వండి, అప్పుడు చెత్తలో వేయొచ్చు, డబ్బా ఇనుములోకి పోతుంది. నూనె రంగులు, టిన్నర్ అయితే మూత బిగించి ప్రమాదకర వ్యర్థాల వాళ్ళకే. మోరీలో పోయొద్దు.

ఎలక్ట్రాన్_శ్రీను
బ్యాటరీలు మర్చిపోయారు. ఫోన్లు, ఛార్జింగ్ పెట్టుకునే బొమ్మలు, టూత్‌బ్రష్‌లు, ఇయర్‌ఫోన్లు, వీటిలో చాలావాటిలో ఉండేది లిథియం. చెత్త లారీలు లోపల నొక్కుతాయి కదా, అప్పుడు ఇవి నలిగి అంటుకుంటాయి. లారీలు, గోడౌన్లు తగలబడే కేసుల్లో చాలావాటికి కారణం ఇదే. రెండు కొసలకీ టేపు అంటించి విడిగా డబ్బాలో పెట్టండి. ఉబ్బింది కనిపిస్తే గుచ్చకండి, నొక్కకండి, ఛార్జింగ్ పెట్టకండి. కాలే వస్తువులకి దూరంగా, ఆరుబయట గచ్చు మీద పెట్టి తీసుకునేవాళ్ళకి ఫోన్ చేయండి.

లీలా_పి
గాజు సామాను? సీసాలు, గ్లాసులు, అద్దాలు అన్నీ గాజే కదా, ఒకే సంచిలో వేసేయొచ్చా?

తుక్కు_తాత
సీసాలు మాత్రమే ఒకచోట. పొయ్యి మీద పెట్టే గాజు గిన్నెలు ఇంకా ఎక్కువ వేడికి గానీ కరగవు, సీసాల గాజులో కలిస్తే గడ్డలై మిగులుతాయి. పింగాణీ కూడా అంతే. అద్దాలు, కిటికీ పలకలు వేరే. బాగున్నవి వాడుకునేవాళ్ళకి ఇవ్వండి, పగిలినవి పేపర్లో చుట్టి మీద రాసి పెట్టండి.

లోహాలకి మాత్రం ఒక అయస్కాంతం జేబులో వేసుకోండి. అంటుకుంటే ఇనుము. అంటుకోకపోతే అల్యూమినియం, రాగి, ఇత్తడి కావొచ్చు, మంచి రకం స్టీలు కూడా కావొచ్చు, ఎందుకంటే దానికీ సరిగా అంటుకోదు. ఇత్తడి అని చెప్పిన దీపానికి అయస్కాంతం అంటుకుందంటే లోపల ఇనుమే.

వసుంధర_కె
పెద్దమ్మ ఇత్తడి దీపానికి అంటుకుంది. ఆవిడకి చెప్పను.

చెక్క సామాను గురించి ఒక్కటి. పాత మంచం గట్టి చెక్క, అది ఒక వడ్రంగి తీసుకుంటానన్నాడు. కానీ టీవీ స్టాండు, చెప్పుల అలమారా ఆ పొట్టు చెక్కవి. నీళ్ళు తగిలి ఉబ్బాయి.

తుక్కు_తాత
పొట్టుని జిగురుతో అతికిన పలక అది. విడదీసి వాడలేం. పొయ్యిలోనూ పెట్టకూడదు, ఆ జిగురులో ఫార్మాల్డిహైడ్ అనే విష రసాయనం ఉంటుంది. మేకులు, గుబ్బలు, అతుకులు ఊడదీసుకుని మిగతాది లారీకే. ఇలాంటివాటికోసమే కదా లారీని చివరికి పెట్టుకున్నాం.

వసుంధర_కె
ఆ లారీ ఆయన్ని మళ్ళీ పిలిచా. ఈసారి ఎక్కడ దించుతారో, అక్కడి తూకం చీటీ ఇస్తారో అడిగా. నవ్వలేదు. "చీటీ అడిగేవాళ్ళు మాకు తగలరండీ" అని వెళ్ళిపోయాడు. ఇంకొకావిడ దొరికింది, చీటీ ఇస్తానంది, ట్రిప్పుకి కాకుండా బరువుకి లెక్క అంది.

తుక్కు_తాత
ఆవిడకే ఇవ్వండి. తూకం మీద లెక్క కట్టేవాళ్ళకి మీరు ఎంత ఏరి తీసేస్తే అంత తక్కువ ఇవ్వొచ్చు. ట్రిప్పు లెక్క వాడికి ఎంత నింపినా ఒకటే.

బండరాయి
చీటీ ఇచ్చినంత మాత్రాన అక్కడ దించారని గ్యారంటీ ఏంటి? సరే, గొడవొద్దు. సోఫా ఏమైంది?

వసుంధర_కె
సోఫా అలాగే ఉంది. ఎవరికీ వద్దు. చెక్క, స్ప్రింగులు, స్పాంజి, రెక్సిన్ అన్నీ కలిసిపోయాయి.

మిద్దెతోట_మాలతి
కింది గుడ్డ చింపితే స్ప్రింగులు, కాళ్ళు వచ్చేస్తాయి, అవి ఇనుము, చెక్క. స్పాంజి లారీకి. ఒక గంట పని, గ్లవ్స్ వేసుకోండి, స్ప్రింగు ఎగిరి కొడుతుంది. మెత్తల సందుల్లో చెయ్యి పెట్టేముందు చూసుకోండి, సూదులుంటాయి.

వసుంధర_కె
సూది కాదు గానీ ఒక టేప్ రికార్డరు రిమోటు దొరికింది. టేప్ రికార్డరు అటక మీద ఉంది, దాని పక్కనే అట్టపెట్టె నిండా క్యాసెట్లు. ఎవరు తీసుకుంటారు ఇవి?

కాగితంపులి
మనుషుల గొంతులు రికార్డు చేసినవి ఉంటే విడిగా తీయండి. అవి ముందు కంప్యూటర్లోకి ఎక్కించాలి. మిగతావి పెట్టె ఒకరకం ప్లాస్టిక్, రీలు ఇంకోరకం, పైన ఇనుము పూత. రీసైక్లింగ్ వాళ్ళ యంత్రాల్లో ఆ రీలు చుట్టుకుపోతుంది, అందులో వేయొద్దు.

ఎలక్ట్రాన్_శ్రీను
టేప్ రికార్డరు పారేయకండి అక్కా! తిరక్కపోతే చాలాసార్లు లోపలి రబ్బరు బెల్టు సాగిపోయి ఉంటుంది, అంతే. వెనక మూత తీసి, పాత బెల్టు ఎంత పొడవుందో, గుండ్రమో చదునో చూసి కొలిచి పెట్టండి. నా దగ్గర ఒక డబ్బాడు బెల్టులున్నాయి.

పక్కింటి_పరిశీలకుడు
క్యాసెట్లు నాకు పంపండి. పెట్టె మీద ఏం రాసుందో మాత్రం ముందు చదవండి.